ఫ్యాక్స్ గడి

పోయిన వేసవిలో నేను ఆరు వేల మంది పేర్లు చదివాను. పేరు, తండ్రి పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఫోను. నూజెండ్ల నుంచి మాచర్ల దాకా ఎప్పుడో ఒకప్పుడు రక్తం ఇచ్చిన ప్రతి మనిషీ నరసరావుపేటలో మా రక్తనిధి కంప్యూటర్లో ఒక వరుస. ఆ వరుసల్లో తొమ్మిది నా కూతురివి. ఆ సంగతి నాకు తెలిసేనాటికి తొమ్మిదింటి గుర్తులూ నా చేత్తో నేనే చెరిపేశాను.

సాదియాకి అప్పుడు ఆరేళ్ళు. తలసీమియా. నెలకొకసారి రక్తం ఎక్కించకపోతే పెదాలు తెల్లబడిపోతాయి, రెండు మెట్లెక్కి కూర్చుంటుంది. దానిది ఓ పాజిటివ్. కానీ ఓ పాజిటివ్ అయినంత మాత్రాన దానికి సరిపోదు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరెవరి రక్తమో ఎక్కించుకోవడంతో దాని ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయని, పది సంచులు పరీక్షిస్తే ఒకటి కూడా కలవకపోవచ్చని, మూడో ఏట డాక్టర్ నీరజ మేడం చెప్పారు. “నీ కూతురికి రక్తం దొరకడం కష్టం నౌషీన్” అన్నారు. కష్టమన్నారే గాని మూడేళ్ళలో ఒక్కనాడు మేం కష్టపడింది లేదు. మంగళవారం పొద్దున్నే పిల్లను తీసుకుని వెళ్ళేసరికి సంచి సిద్ధంగా ఉండేది. అది అల్లా దయ అనుకున్నాను. ఆ దయ వెనుక ఒక మనిషి కూర్చుని ఫోన్లు చేస్తున్నాడని అనుకోలేదు.

ఆ మనిషి బాబూరావు. ఇరవై రెండేళ్ళు ఆ కంప్యూటర్ ముందు పనిచేశాడు. కళ్ళకి శుక్లాలొచ్చి, ఫిబ్రవరిలో ట్రస్టు వాళ్ళు శాలువా కప్పి పంపించేశారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఇంటర్ మొదటి ఏడాది హాల్ టికెట్ వచ్చిన వారానికి నాకు నిఖా అయింది. పరీక్ష రాయలేదు. మీసేవలో ఆరు నెలలు దరఖాస్తులు కొట్టిన చెయ్యి ఉందని, ఎలాగూ నెలకొకసారి పిల్లతో వస్తూనే ఉంటానని, మేడమే నా పేరు చెప్పారు. మే ఆఖరు దాకా టెంపరరీ. ముప్పయ్యో తారీఖు మీటింగులో పర్మనెంటు సంగతి తేలుస్తామన్నారు.

ఆ ఫిబ్రవరిలోనే శ్రీహరి వచ్చాడు. వినుకొండ వైపు కుర్రాడు, హైదరాబాదు కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తాడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఇక్కడి రక్తంతోనే బతికాడని, పైసా తీసుకోకుండా రక్తనిధికి కొత్త వెబ్‌సైట్ కట్టి ఇస్తానని అతనే ముందుకొచ్చాడు. మంచివాడు. తర్వాత ఎంత కోపమొచ్చినా ఆ మాట మర్చిపోకూడదని ముందే రాస్తున్నాను.

ఆఖరి రోజు బాబూరావు బాబాయ్ శ్రీహరికి అన్నీ అప్పజెప్పి పోవాలని పొద్దున్నుంచీ స్టూలు మీద కూర్చున్నాడు. శ్రీహరి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంపెనీ మీటింగులో ఉన్నాడు. బాబాయ్ కదిలినప్పుడల్లా ఒక వేలు పైకెత్తి ‘ఒక్క నిమిషం’ అన్నట్టు చూపించేవాడు. గంటయింది. గంటన్నరయింది. బాబాయ్ లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

“ఆయన మీటింగు తెగేట్టు లేదమ్మా. సత్తెనపల్లి బస్సు పోద్ది నాకు.”

నన్ను పక్కకు పిలిచి రెండే రెండు చెప్పాడు. సాయంత్రం తాళం వేసేముందు డేటాబేసు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యాలి. “పాతదాని మీదే పడాల. రెండోది పెట్టబాకు, ఏది కొత్తదో ఏది పాతదో తెలవక చస్తాం.” ఇంకోటి, ఒక చీటీ. “మీ అమ్మాయికి రెండు తడవలకి మనుషుల్ని చెప్పి పెట్టా. మార్చికి నౌషాద్, ఏప్రిల్‌కి గురజాల టీచరమ్మ ఖైరున్నీసా. ఆ తర్వాత అంతా అందులోనే ఉంది” అని కంప్యూటర్ వైపు చూపించాడు. అందులో అంటే పేర్లూ ఫోన్లూ అనుకున్నాను.

“ఏదన్నా తెలవకపోతే ఫోన్ కొట్టు. నంబరు ఎక్కించుకో.”

ఎక్కించుకున్నాను. ఆయన అచ్చంపేటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

*

మార్చి మొదట్లో శ్రీహరి నాకు పని వివరించాడు. అర్థం కావాలని నిదానంగా చెప్పాడు.

“పాత డేటాబేసుని కదపం అక్కా. దాని మీదే కొత్త వెబ్‌సైట్ నిలబడుద్ది. ఈ ఫ్రేమ్‌వర్క్ ఉంది చూడు, పాత టేబుల్ దగ్గరికి పోయి, ఏ కాలమ్‌లో ఏముందో దానంతటదే చదువుకుని రాసేసుకుంటది.”

“మనం ఏం చెప్పక్కర్లేదా?”

“పేరు పైన ఉంటదిగా. పేరు చూసి తెలుసుకుంటది.”

మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో మెంతులుంటాయి. టీపొడి డబ్బాలో మా అత్తగారి మందులుంటాయి. ఆ మాట ఆ రోజు నాకు తట్టలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. దాతలకి వాట్సాప్‌లో కబురు వెళ్ళాలంటే వాట్సాప్ నంబరుకి ఒక చోటు కావాలి. పాత టేబుల్లో ఆ కాలమ్ లేదు. కొత్తది కలిపితే బాబాయ్ వాడిన పాత ప్రోగ్రాం ఆగిపోతుంది. సంచుల మీద అంటించే స్టిక్కర్లు ఇంకా అందులోంచే వస్తున్నాయి. శ్రీహరి కాసేపు కాలమ్‌లన్నీ చూసి నవ్వాడు.

“ఫ్యాక్స్! నరసరావుపేటలో రక్తమిచ్చేవాడికి ఫ్యాక్స్ మిషను ఎందుకుంటదక్కా? ఏ కంపెనీ ఫారమో చూసి కాపీ కొట్టినట్టున్నారు. దీన్నే వాడుకుందాం. లోపల ఫ్యాక్స్, నీకు మాత్రం వాట్సాప్ అని కనపడుద్ది.”

అలా నా పని మొదలైంది. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడం, వాట్సాప్ నంబరు అడగడం, గడిలో కొట్టడం. ఎండలు ముదురుతున్నాయి. ఫ్యాను వేడిగాలి తిప్పేది. కొండవీడు నుంచి ఒకాయన, “రక్తం కావాలంటే ఇప్పుడే వచ్చి ఇస్తానమ్మా, వాట్సాప్ మాత్రం అడగబాక. ఫోను మా ఆవిడ దగ్గరుంటది” అన్నాడు. ఇంకొకాయన, “ఎవరు నువ్వు? బాబూరావేడీ?” అని గట్టిగా అడిగి, రిటైరయ్యారంటే ఫోన్ పెట్టేశాడు. రోజుకి నూటయాభై మంది. సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టి పాతదాని మీద కాపీ చేసేదాన్ని. ఒక్కరోజు మానలేదు.

ఆ గడుల్లో అన్నీ ఖాళీ కాదు. ఒక రెండొందల వరుసల్లో ఏవో అంకెలున్నాయి. 14. 8. 22. కొన్నిచోట్ల రెండేసి, గీత పెట్టి. ఓ పాజిటివ్ వాళ్ళ దగ్గర 31 మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఫ్యాక్స్ నంబరు రెండంకెలు ఉండదని నాకు తెలుసు. వాటిని అలాగే ఉంచి సేవ్ చెయ్యబోతే ఎర్ర అక్షరాలు వచ్చేవి, సరైన నంబరు ఇవ్వండి అని. పది అంకెలైనా ఉండాలి, ఖాళీ అయినా ఉండాలి.

శ్రీహరికి ఫోన్ చేశాను.

“ఎన్నున్నాయక్కా అట్టాంటివి?”

“రెండొందలు ఉంటాయేమో.”

“ఆరు వేలల్లో రెండొందలా? మొదట్లో టెస్టింగ్‌కి ఎవరో కొట్టిన చెత్త అయ్యుంటది. తీసేయ్.”

“బాబాయ్‌ని ఒకసారి అడగమంటావా?”

“అడిగితే అడుగు. నాకు మీటింగుంది, ఉంటా.”

ఫోను చేతిలోనే ఉంది. బాబాయ్ పేరు దాకా వెళ్ళాను. వీరరాఘవమ్మ గది తుడుస్తూ నా ముఖం చూసింది. ఆమె ఇక్కడ ఆయా, డాక్టర్లకంటే సీనియరు.

“ఎవరికే ఫోను?”

“బాబాయ్‌కి. ఒకటి అడుగుదామని.”

“అడుగు, అడుగు. మొన్ననే సెక్రటరీ గారు అంటన్నాడు, బాబూరావుకి కళ్ళాపరేషనై బాగా కనపడతందంట, మళ్ళీ పిలుద్దామా అని. నువ్వు ఫోన్ కొట్టి నాకిది రాదు అది రాదు అను. రేపు పొద్దున వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. నువ్వు పోయి మీ ఆయన బైకుల షెడ్డులో నట్లు కడుగు.”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఫోను పక్కన పెట్టాను.

ఆ రోజు ఇంకో ముప్పై వరుసలు పూర్తి చేశాను. ఫోన్ ఎత్తనివాళ్ళ దగ్గర 31 చెరిపి ఖాళీ పెట్టి సేవ్ కొట్టాను. ఎర్ర అక్షరాలు రాలేదు.

*

మార్చిలో నౌషాద్ వచ్చాడు, ఏప్రిల్‌లో టీచరమ్మ వచ్చింది. రెండుసార్లూ సంచి కలిసింది. నాకు ధైర్యమొచ్చింది. బాబాయ్ చేసిన పనే నేనూ చేస్తున్నాను కదా, ఫోన్లు కొట్టడమే కదా అనుకున్నాను. నౌషాద్ మళ్ళీ మూడు నెలలకి గాని ఇవ్వకూడదు, టీచరమ్మ నాలుగు నెలలకి. మే రెండో వారం తడవకి ఓ పాజిటివ్ జాబితా ముందు పెట్టుకుని పైనుంచి చెప్పుకుంటూ వచ్చాను. ఎండకి భయపడి సగంమంది రామన్నారు. మిరప కోతలయి మిగతావాళ్ళలో చాలామంది పెళ్ళిళ్ళ మీద ఉన్నారు. నలుగురొచ్చారు. నాలుగూ కలవలేదు.

శుక్రవారానికి ఇంకో ముగ్గురు. కలవలేదు.

“ఇంతకుముందు ఎవర్ని పిలిచేవారు నౌషీన్?” మేడం అడిగారు. ఆవిడ మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తారు, గంటలో నలభై మందిని చూడాలి.

“జాబితా చూసి పిలిచేవారండీ.”

“అయితే పిలుస్తూనే ఉండు.”

పిలుస్తూనే ఉన్నాను. సాదియాని నా బల్ల పక్కన చాప మీద పడుకోబెట్టుకునేదాన్ని. దాని గోళ్ళు చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. బాబాయ్ గుర్తుకు రాలేదని చెప్పను. రోజుకి రెండుసార్లు గుర్తొచ్చేవాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇదే జాబితా కదా అని ఒకసారి. మీటింగు ఇంకో పదిరోజులే కదా, రేపు వచ్చే సంచి కలుస్తుందిలే అని ఇంకోసారి. రేపు వచ్చే సంచి కలిసేది కాదు. ఆ మర్నాడు వచ్చేదీ కాదు.

మా ఆయన జహీర్‌కి వినుకొండ రోడ్డులో బైకుల షెడ్డు. మధ్యాహ్నం అన్నానికొచ్చి పిల్ల పక్కన కూర్చునేవాడు.

“దొరుకుద్దిలే. నువ్వు ఆ కంప్యూటర్ దగ్గరే ఉన్నావు కాబట్టి నాకు భయంలేదు. వేరేవాళ్ళయితే బయట వరండాలో కూర్చుని ఏడవాల్సిందే” అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున సాదియాకి జ్వరం వచ్చింది. ఊపిరి పీల్చడానికి భుజాలు ఎగరేస్తోంది. రక్తనిధికి తాళం. మేడం ఫోన్లో, “ఆలస్యం చెయ్యొద్దు, గుంటూరు తీసుకెళ్ళండి” అన్నారు. ఆటోలో దారంతా జహీర్ దాని అరికాళ్ళు రుద్దుతూనే ఉన్నాడు. గుంటూరులో హిమోగ్లోబిన్ మూడున్నర అన్నారు. ఏ సంచీ పూర్తిగా కలవడం లేదు, ఉన్నవాటిలో తక్కువ తేడా ఉన్నది ఎక్కిస్తాం, వేరే దారి లేదు, తర్వాత ఏమన్నా అయితే అని ఒక కాయితం పెట్టారు. జహీర్ సంతకం చేశాడు. ఎక్కించారు. ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. మూత్రం చింతపండు పులుసు రంగులో పోసింది. అయినా బతికింది. నాలుగు రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం.

ముప్పయ్యో తారీఖు మీటింగులో నన్ను పర్మనెంటు చేశారు. ఆరు వేల మందిని మూడు నెలల్లో పూర్తి చేసిందని, జబ్బుపిల్లని పక్కన పడుకోబెట్టుకుని కూడా పని ఆపలేదని మెచ్చుకున్నారట. జహీర్ షెడ్డులో అందరికీ జిలేబీ పంచాడు.

*

జూన్ మూడో తారీఖు. బాబూరావు బాబాయ్ తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళకి నల్లద్దాలు, చంకలో గొడుగు. ఎవరూ పిలవలేదు ఆయన్ని.

“ఏమ్మా, సాదియా బాగుందా?”

నేను లేచి కుర్చీ చూపించాను. కూర్చోలేదు, ఆ స్టూలే లాక్కున్నాడు.

“దాచేపల్లి జమాల్ లేడూ, నాపరాళ్ళ పని చేసేవాడు. నిన్న నాకు ఫోన్ కొట్టాడు. మే నెల నా వంతు గదా సార్, ఈసారి పిలవలేదేంది, నా మీద కోపమా అని. వారం రోజులు ఊరికి కూడా పోకుండా కాసుకుని కూర్చున్నాడంట. మర్చిపోయారా?”

“జమాల్ వంతా?” అన్నాను.

“ముప్పై ఒకటి గదా జమాల్.”

నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

“ముప్పై ఒకటి అంటే ఏంది బాబాయ్?”

“మీ సాదియానే. పిల్లలు వచ్చిన వరసన నంబర్లు ఇచ్చుకున్నాలే నేను. ఎవరి రక్తం ఏ పిల్లకి పడ్డదో ఆ మనిషి పక్కన ఆ నంబరు కొట్టేవాణ్ణి. దాంట్లో రాసుకోడానికి చోటేదీ? ఫ్యాక్సు ఒకటే ఊరికే ఉండె. మీ పిల్లకి తొమ్మండుగురు ఉండాల. మూడేళ్ళు పట్టింది పట్టుకోడానికి. ఏదీ, ఫ్యాక్స్ తియ్యి.”

తీశాను. పాత ప్రోగ్రాం బూడిదరంగు కిటికీ తెరుచుకుంది. జమాల్ వరుస. ఫ్యాక్స్ గడిలో పది అంకెలున్నాయి, తొమ్మిదితో మొదలై. బాబాయ్ నల్లద్దాలు తీసి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత వరుస. ఆ తర్వాత. కొన్ని పది అంకెలు, కొన్ని ఖాళీ.

“పెన్‌డ్రైవ్ ఉందిగా?”

ఉంది. ప్రతి సాయంత్రం, పాతదాని మీదే. చెప్పక్కర్లేకపోయింది, ఆయనకే అర్థమైంది.

వీరరాఘవమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. బాబాయ్ నల్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, చాలాసేపు.

“నా ఫోన్ నంబరు నీ దగ్గరుందిగా అమ్మా?”

“ఉంది బాబాయ్.”

ఆయన ఇంకేం అడగలేదు. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని, నాతో గాని, ఎవరితో గాని ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

“స్టోరు తాళాలు తెప్పించు. సంచులు ఇచ్చిన రిజిస్టర్లు అయిదేళ్ళవీ అందులోనే ఉంటయ్. మీ పిల్ల పేరు మీద పోయిన సంచి నంబర్లు తీస్తే మనుషులు దొరుకుతారు. ఒక్కరోజు పని” అన్నాడు.

ఒక్కరోజు కూడా పట్టలేదు. దుమ్ములో నేల మీద కూర్చుని నేను చదువుతుంటే ఆయన రాసుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి తొమ్మిది పేర్లూ తొమ్మిది ఊళ్ళూ కాయితం మీదికి వచ్చేశాయి. నౌషాద్, ఖైరున్నీసా, జమాల్, మిగతా ఆరుగురు. మిగతా పిల్లలవీ ఇట్టాగే తీద్దాం అన్నాడు బాబాయ్. పోయింది ఏమీ లేదు. అంతా అక్కడే, ఇనుప బీరువాలో, నా బల్లకి ఇరవై అడుగుల దూరంలో ఉంది. అది చూసి నేను సంతోషంతో ఏడ్చాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

*

జమాల్ మర్నాడే వచ్చాడు. చేతుల నిండా రాతిపొడి, చొక్కా మాత్రం ఉతికింది. సాదియాకి ఒక బిస్కెట్ పాకెట్టు తెచ్చాడు. తన రక్తం ఎవరికి పోతోందో ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఈ పిల్లకేనా నేనిచ్చేది అని దాని తల మీద చెయ్యి పెట్టాడు.

శాంపిల్ తీశారు. గంట కూర్చున్నాం. మేడం గాజుపలక పట్టుకుని తనే బయటికొచ్చారు.

“కలవడం లేదు.”

“ఎవరిది మేడం?” అన్నాడు జమాల్.

“మీదే. ఈ పాపకి కలవడం లేదు.”

“అదెట్టా? పోయినేడు మూడుసార్లిచ్చాగా. దీనికే పడ్డదంటన్నారుగా. నేనేం మారలేదు మేడం. బీడీ కూడా మానేశా.”

మేడం ఆయనకి కాదు, నాకు చెప్పారు. గుంటూరులో ఎక్కించిన రక్తానికి సాదియా ఒళ్ళు తిరగబడింది. కొత్త యాంటీబాడీ పుట్టింది. ఇన్నాళ్ళూ పడినవాళ్ళ రక్తంలో దేన్నయితే దాని ఒళ్ళు ఓర్చుకుందో, ఇప్పుడు దాన్నే పగగా చూస్తోంది. ఆ రక్తం ఆ రోజు ఎక్కించకపోతే చనిపోయేదని, గుంటూరు వాళ్ళ తప్పు లేదని కూడా చెప్పారు. తప్పెవరిదని నేను అడగలేదు.

“మే నెలలో ఈయన్ని పిలిచి ఉంటే సరిపోయేది” అన్నారు మేడం. ఎవరినీ అనాలని కాదు. గాజుపలక కేసి చూస్తూ అన్నారు.

జమాల్ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. “నాది వేరేవాళ్ళకన్నా పనికొస్తదా మేడం? వచ్చినందుకు ఇచ్చి పోతా” అన్నాడు. ఇచ్చి వెళ్ళాడు.

ఆ నెలంతా మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి శాంపిల్ ఇచ్చారు. మాచర్ల లారీ డ్రైవరు, నూజెండ్ల అన్నదమ్ములు ముగ్గురు, కొండవీడు నుంచి అంగన్‌వాడీ ఆవిడ. టీచరమ్మ సెలవు పెట్టుకుని వచ్చింది. నౌషాద్ ఆఖర్న వచ్చాడు, ఏప్రిల్‌లో పుట్టిన కొడుకు ఫోటో చూపించాడు. జమాల్‌తో కలిపి ఎనిమిది మంది. ఎనిమిదీ కలవలేదు. తొమ్మిదో ఆయన కువైట్ వెళ్ళిపోయాడు.

శ్రీహరికి సంగతి చెప్పింది బాబాయ్. నేను చెప్పలేకపోయాను. వినుకొండ నుంచి ఆ ఎండలో బండి మీద వచ్చాడు. చెవులకేమీ లేవు. చాపమీద నిద్రపోతున్న పిల్లని చూసి వెనక్కి రెండడుగులు వేసి, గోడ పక్కన నిలబడ్డాడు.

“ఆయన్ని కూర్చోబెట్టి నేను వినాల్సింది అక్కా” అన్నాడు. “కాలమ్ పేరు చూశా. లోపలేముందో మనిషిని అడగలేదు.”

“నేను అడుగుదామనే అనుకున్నా” అన్నాను.

ఆ రోజే పాత ప్రోగ్రాం ఆపేశాడు. స్టిక్కర్లు కొత్తదాంట్లోంచే వచ్చేట్టు చేశాడు. ఇక కొత్త కాలమ్ కలపడానికి అడ్డేమీ లేదు. “ఏం పేరు పెట్టమంటావక్కా?” అని అడిగాడు. బాబాయ్ చెప్పాడు: ఎవరికి పడ్డది. శ్రీహరి ఒక లైను రాశాడు. ఆరు వేల పేర్ల పక్కన ఆరు వేల ఖాళీ గడులు తెరుచుకున్నాయి. ఐదు నిమిషాలు పట్టింది.

జహీర్‌కి నేను చెప్పలేదు. కంప్యూటర్లో ఏదో కలిసిపోయి ఆలస్యమైందని మాత్రం ఆయనకి తెలుసు. షెడ్డుకి వచ్చినవాళ్ళతో ఇప్పటికీ అంటూనే ఉంటాడు, మా ఆవిడ అక్కడుండబట్టి పిల్లకి ఈ మాత్రమన్నా జరుగుతోంది అని.

*

జూలై చివరికి వానలు పడ్డాయి. పత్తి విత్తారు. సాదియాని బడికి పంపడం మానేశాం. ఎక్కడెక్కడి నుంచో తెప్పించి ఒకసారి, కలవని దాంట్లో కాస్త మేలైంది ఇంకోసారి, మందులు అడ్డం పెట్టి ఎక్కించారు. ఎక్కించిన రక్తం వారం పదిరోజులకే కరిగిపోతోంది. మొదటి నుంచి వెతుక్కోవడమే, ఓ పాజిటివ్ వాళ్ళు రెండు వేల వంద మంది ఉన్నారు కదా, రోజుకి ఎందరు వస్తే అందరు అన్నారు మేడం. ఎన్నాళ్ళు పట్టవచ్చని అడిగితే, బాబూరావు గారికి మూడేళ్ళు పట్టిందిగా అన్నారు. సాదియాకి అంత టైముందా అని అడగబోయి ఊరుకున్నాను.

రోజూ పదింటికి మొదలుపెడతాను. సాదియా నా పక్కన, కుర్చీ మీద దిండు వేసుకుని కూర్చుంటుంది. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి దానికి. శాంపిల్ తీసినవాళ్ళ పేరు పక్కన ఫలితం కొడతాను. పైనుంచి కిందికి ఒకే మాట. బడి మానేసినా అక్షరాలు మర్చిపోలేదు అది, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ కూడబలుక్కుని చదువుతుంది.

“ప, డ, లే, దు. ప, డ, లే, దు. అమ్మీ, అన్నీ ఒకటే రాశావేంది?”

“ఇంకా ఉన్నారులే కింద.”

“ఎంతమంది?”

“చానామంది.”

తర్వాతి వరుసకి వచ్చి నంబరు కొడతాను. అవతల ఎవరో ఎత్తుతారు. రక్తనిధి నుంచండీ, ఓ పాజిటివ్, ఒకసారి వచ్చి శాంపిల్ ఇవ్వగలరా అంటాను.

“ఎవరికమ్మా?” అంటారు.

సాదియా నావైపే చూస్తుంటుంది. మా పాపకి అనే మాట గొంతు దాకా వస్తుంది.

“ఒక పాపకండీ” అంటాను.